పారాసిటమాల్ హద్దు ఎంత?

ప్రశ్న: మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ ఒకరు నడుము నొప్పికి పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు 650 గోలీలు వేసుకుంటున్నారు. జలుబు చేస్తే దాని గోలీ వేరుగా తోడవుతోంది. ఇది ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. 50 కిలోలకు తక్కువ కాని, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి విడతకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, విడతల మధ్య 4 నుంచి 6 గంటల ఎడం, 24 గంటల్లో అంతా కలిపి 4000 మిల్లీగ్రాములు అన్నది పారాసిటమాల్‌కు పై హద్దు. ఆరు గోలీలు కలిస్తే 3900 కనుక రోజు లెక్క అంచున ఆగింది గాని, ఒకేసారి రెండు అంటే 1300 కావడం వల్ల విడత హద్దు అప్పుడే దాటిపోయింది. జలుబు గోలీల్లో చాలావాటిలో 325 గాని 500 గాని మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసే ఉంటుంది కాబట్టి, అది తోడైన రోజున రోజు హద్దు కూడా నిలవదు. మెడికల్ షాపులో షీటు కత్తిరించి నాలుగు గోలీలు చేతిలో పెట్టినప్పుడు మందు పేరు, మోతాదు ఉన్న ముక్క తరచుగా షాపులోనే మిగిలిపోతుంది. ఆ ముక్కను అడిగి చూసుకోవడం మొహమాటపడవలసిన విషయమేమీ కాదు.

ఈ మందులో కొంత భాగాన్ని కాలేయం నాప్‌క్వి అనే విషపదార్థంగా మారుస్తుంది; కాలేయంలోనే నిల్వ ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దానిని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ అడుగంటి, మిగిలిన విషం కాలేయ కణాలను చంపుతుంది. రోజూ మద్యం తాగేవారిలో, సరైన తిండి లేక చిక్కిపోయినవారిలో, కాలేయ జబ్బు ఉన్నవారిలో హద్దు ఇంకా తక్కువ. అది ఎంతో డాక్టరే చెప్పాలి. అసలు రోజూ ఆరు గోలీలు కోరుతున్న నడుముకు కావలసింది పరీక్షే గాని ఏడో గోలీ కాదు.

ప్రశ్న: రంజాన్ ఉపవాసంలో పగటి మోతాదును కూడా కలిపి ఇఫ్తార్ తరువాత ఒకేసారి వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోకూడదు. తప్పిన విడత తప్పినట్టే; ఇఫ్తార్ నుంచి సహర్ లోపు కూడా 4 గంటల ఎడం, విడతకు 1000 హద్దు మారవు.

ప్రశ్న: పిల్లల సిరప్‌ను చెంచాతో కొలిచి పోస్తే సరిపోతుందా?

జవాబు: పిల్లల మోతాదును వయసుతో కాక బరువుతో లెక్కిస్తారు: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగు విడతలకు మించకుండా. 12 కిలోల బిడ్డకు ఇది విడతకు 120 నుంచి 180 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండే సిరప్‌తో పాటు 250 ఉండేదీ దొరుకుతుంది; చుక్కల మందులోనైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండవచ్చు. అటువంటి చుక్కల మందును సిరప్ అనుకొని 5 మిల్లీలీటర్లు పోస్తే, ఆ బిడ్డకు ఒక్క గుక్కలో 500 పడుతుంది. వంటింటి చెంచాలు అన్నీ ఒక కొలతవి కావు గనుక సీసాతో వచ్చిన మూతను గాని సిరంజిని గాని వాడాలి. మూడు నెలల లోపు పసికందుకు డాక్టరు చెప్పనిదే ఏదీ పట్టకూడదు.

ప్రశ్న: పొరపాటున ఎక్కువ వేసుకున్నా ఏ బాధా కనిపించకపోతే ఆగి చూడవచ్చా?

జవాబు: ఆగకూడదు. మొదటి రోజు వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు, అది కూడా లేకపోవచ్చు. కాలేయం దెబ్బతిన్న గుర్తులు రెండో రోజో మూడో రోజో బయటపడతాయి. విరుగుడైన అసిటైల్‌సిస్టీన్ మాత్రం మందు మింగిన 8 గంటల లోపు మొదలైతేనే బాగా కాపాడుతుంది. అందుచేత అర్ధరాత్రి అయినా సరే, ఖాళీ షీటునో సీసానో చేతపట్టుకొని అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి అత్యవసర విభాగానికి గాని, అంతకంటే దగ్గరలో అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి గాని వెంటనే వెళ్లి, ఎన్ని గోలీలు, ఏ వేళకు మింగినదీ చెప్పాలి.