మూల తిరగగానే రైలు నీరసపడుతోంది

ప్రశ్న: హెచ్‌ఓ స్కేల్ రైలు సెట్ కొని, ప్లైవుడ్ మీద గుండ్రంగా పట్టాలు పరిచాం. కంట్రోలర్ దగ్గర ఇంజన్ పరుగెడుతుంది, అవతలి వైపు ఈడ్చుకుంటూ పోతుంది. ఇంజన్ మార్చాలా?

జవాబు: వద్దండీ, డబ్బు దండగ. ముందు పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. అయినా తీరు మారకపోతే లోపం అతుకుల్లో ఉంది. మీరు 12 వోల్టుల డీసీని ఒక్కచోటే ఇస్తున్నారు. అవతలికి చేరాలంటే అది పట్టాలను కలిపే చిన్న రేకు ముక్కలన్నీ దాటాలి. వదులైన ప్రతి అతుకూ కొంత వోల్టేజిని మింగేస్తుంది.

బల్ల కింద పట్టాల దారి వెంటే రెండు లావు వైర్లు లాగండి, ఎరుపొకటి, నలుపొకటి. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మి.మీ. రాగి తీగ చాలు. మీటరుకోసారి వాటినుంచి సన్న తీగ పైకి తెచ్చి పట్టాకు టంకం వేయండి. టంకం బయటి వైపే పడాలి, లోపలి వైపు చక్రం అంచు తగులుతుంది. కావియా ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతాయి (నావీ కొన్ని కరిగాయి!). ఎరుపు మొదలుపెట్టిన పట్టాకే చివరిదాకా ఎరుపు. ఒక్కచోట తారుమారైనా షార్టే.

రైలు వెనక్కి తిరిగొచ్చే లూపు జోలికి ఇప్పుడే పోకండి. అక్కడ ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాను కలుస్తుంది, దానికి వేరే స్విచ్చీ, ఇన్సులేటెడ్ అతుకులూ కావాలి.