గ్యాసు నుండి యూరియా: చమురు దేశముల ఎరువుల పరిశ్రమ, వ్యాపారము

వరి పిలకలు వేయు సమయమున యూరియా అందక, తెల్లవారక మునుపే సహకార సంఘము ముందు బారులు తీరి నిలుచుట మన రైతులలో అనేకులకు అనుభవమే. 2025 వానకాలమున తెలంగాణలో ఇట్లే జరిగినది. అప్పుడు రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: "బస్తా ఏల రాలేదు?" దీనికి పూర్తి జవాబు గ్రామములో దొరకదు, మండల కేంద్రములోను దొరకదు. అందు కొంత భాగము సముద్రమునకు ఆవల, చమురు బావులున్న దేశములలో కలదు. ఆ దేశములు యూరియాను ఎట్లు తయారు చేయుచున్నవి, వాటిలో కొన్ని ఏల ముందుకు వచ్చినవి, మరికొన్ని ఏల వెనుకబడినవి, వాటి వ్యాపారము ముందు ముందు ఎట్లుండగలదు అను విషయములను ఈ పాఠములో తెలిసికొందము.

యూరియా బస్తాలో ఏమున్నది?

గాలిలో నూటికి 78 వంతులు నత్రజనియే. కాని పైరు దానిని నేరుగా తీసికొనజాలదు. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయు మార్గమును కనుగొనెను. కార్ల్ బాష్ ఆ మార్గమును పెద్ద కర్మాగారమునకు తగినట్లు మలచెను. మొదటి కర్మాగారము 1913లో జర్మనీలోని ఒప్పౌ వద్ద పనిచేయ మొదలిడినది.

నత్రజని గాలిలో ఊరకనే దొరకును. ఉదజని మాత్రము అట్లు దొరకదు. దానిని నేడు ఎక్కువగా సహజవాయువు, అనగా గ్యాసు నుండి తీయుచున్నారు. గ్యాసును నీటి ఆవిరితో కలిపి అధికమైన వేడిలో విడగొట్టినచో ఉదజనియు, బొగ్గుపులుసు వాయువును వచ్చును. ఉదజనిని నత్రజనితో కలిపి అమ్మోనియా చేయుదురు. ఆ అమ్మోనియాను అదే కర్మాగారములో వచ్చిన బొగ్గుపులుసు వాయువుతో అధిక పీడనమున కలిపినచో యూరియా తయారగును.

ఇప్పుడొక లెక్క చూతము. యూరియాలో నూటికి 46 వంతులు నత్రజని ఉండును. కావున 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉన్నది. ఆ ఒక్క బస్తా తయారగుటకు సుమారు 30 ఘన మీటర్ల గ్యాసు కావలెను. మన ఇంటి వంట గ్యాసు బండలు ఒకటిన్నర కాల్చిన ఎంత వేడి వచ్చునో, అంతకు మించిన వేడి ఒక్క యూరియా బస్తాలో ఇమిడియున్నదన్నమాట. యూరియా తయారీ ఖర్చులో నూటికి 70 నుండి 80 వంతులు గ్యాసు ఖర్చే.

చమురు దేశములకు గల అనుకూలము

చమురు బావి నుండి చమురుతో పాటు గ్యాసు కూడ వచ్చును. చమురును ఓడలలో ఎచ్చటికైనను సులభముగా పంపవచ్చును. గ్యాసు అట్లు కాదు. దానికి గొట్టముల దారియైనను ఉండవలెను, లేదా సున్నకు దిగువ 162 డిగ్రీల వరకు చల్లార్చి ద్రవముగా మార్చి ప్రత్యేకమైన ఓడలలో పంపవలెను. ఈ సౌకర్యములు లేని రోజులలో గ్యాసును బావి వద్దనే మంట పెట్టి వృథా చేయుచుండిరి. అదే గ్యాసును యూరియాగా మార్చినచో అది గింజల రూపమున మామూలు సరుకు ఓడలోనే పోవును. కాల్చి పారవేయు వస్తువు ఇట్లు అమ్మకపు సరుకైనది.

ధరలో కూడ గొప్ప భేదము కలదు. గ్యాసును అది ఇచ్చు వేడిని బట్టి అమ్ముదురు. అంతర్జాతీయ వ్యాపారములో పది లక్షల బ్రిటిష్ ఉష్ణ యూనిట్లను ఒక కొలతగా తీసికొందురు. టన్ను యూరియాకు ఇట్టి కొలతలు సుమారు 23 కావలెను. ఒక దేశములో కొలత 2 డాలర్లకు దొరకినదనుకొందము. అచ్చట టన్ను యూరియాకు గ్యాసు ఖర్చు 46 డాలర్లు. ఓడలలో వచ్చిన ద్రవ గ్యాసును 10 డాలర్లకు కొను దేశములో అదే ఖర్చు 230 డాలర్లు. ఓడ కిరాయి పెట్టుకొని కూడ మొదటి దేశము రెండవ దేశములో యూరియాను అమ్మగల్గుటకు కారణము ఇదియే.

ముందుకు వచ్చిన దేశములు

కువైట్ 1963లో పెట్రోకెమికల్ కంపెనీని స్థాపించి ఎరువుల తయారీకి పూనుకొన్నది. సౌదీ అరేబియా 1965లో ఎరువుల కంపెనీ నెలకొల్పినది. ఖతార్ 1969లో కంపెనీ స్థాపించి, 1973లో మెసయీద్ రేవు వద్ద ఉత్పత్తి మొదలిడినది. ఖతార్‌కు తొలుత కర్మాగారము నడుపు అనుభవము లేదు. అందువలన నార్వే దేశపు కంపెనీని భాగస్వామిగా చేర్చుకొని పని నేర్చినది. ఒకదాని వెంట ఒకటిగా ఆరు విభాగములు కట్టి, 2012 నాటికి సంవత్సరమునకు 56 లక్షల టన్నుల యూరియా తయారు చేయు శక్తి సంపాదించినది. 1971లో కనుగొనిన ఉత్తర క్షేత్రమును పెద్ద గ్యాసు నిధి దానికి కలదు. ఆ గ్యాసు చమురుతో సంబంధము లేకుండ వచ్చును. కాని కువైట్ గ్యాసులో ఎక్కువ భాగము చమురుతో పాటు వచ్చునదే. చమురు తీయుట తగ్గించిన గ్యాసు కూడ తగ్గును. ఆ దేశము 2009 నుండి వేసవిలో విద్యుత్తు కొరకు ద్రవ గ్యాసును దిగుమతి చేసికొనవలసి వచ్చినది. చమురు ఉన్న ప్రతి దేశమునకు ఎరువుకు చాలినంత గ్యాసు ఉండునని అనుకొనరాదు.

ఒమాన్ ఉదాహరణము మనకు మరింత దగ్గరిది. అచ్చటి సూర్ పట్టణము వద్ద 2005లో ఉత్పత్తి మొదలైన కర్మాగారములో సగము పెట్టుబడి ఒమాన్‌ది. మిగిలిన సగమును మన ఇఫ్కో, క్రిభ్కో సంస్థలు చెరి సగము పెట్టినవి. ఇవి రైతుల సహకార సంఘములు సభ్యులుగా గల సంస్థలు. ఏటా 16.52 లక్షల టన్నుల యూరియా తయారు చేయు శక్తి ఈ కర్మాగారమునకు కలదు. గ్యాసు ఇచ్చుటకు ఒమాన్, యూరియాను 15 సంవత్సరములు కొనుటకు భారత ప్రభుత్వము ముందుగనే ఒప్పుకొన్నవి. అమ్మువానికి గిరాకి భయము లేదు, కొనువానికి కొరత భయము తగ్గినది.

గ్యాసు ఉండియు వెనుకబడిన దేశము

నైజీరియా ఆఫ్రికాలో పెద్ద చమురు దేశము. నైజర్ నది డెల్టాలో గ్యాసు మంటలు రాత్రింబవళ్లు వెలుగుచుండగా, ఆ దేశపు రైతు మాత్రము ఎరువు లేక పలుచని పంట తీయుచుండెను. ఓన్నే రేవు వద్ద 1987లో ప్రభుత్వ రంగమున ఎరువుల కర్మాగారము నడక మొదలిడినది. కాని సరియైన మరమ్మతులు, నిర్వహణ కొరవడి కొన్నేండ్లకు మూతబడినది. 2005లో దానిని ప్రైవేటు వారికి అమ్మివేసిరి. 2009లో మరల ఉత్పత్తి మొదలైనది. 2006లో ఆఫ్రికా దేశములు అబూజా నగరమున సమావేశమై, హెక్టారుకు సగటున 8 కిలోలుగా ఉన్న పోషకముల వాడకమును 2015 నాటికి 50 కిలోలకు పెంచవలెనని తీర్మానించినవి. ఆ గడువు నాటికి అనేక దేశములు ఆ లక్ష్యమును చేరలేదు.

తరువాత నైజీరియాలో పెద్ద ప్రైవేటు కర్మాగారములు వచ్చినవి. లాగోస్ సమీపమున లెక్కి వద్ద, ఏటా 30 లక్షల టన్నుల శక్తి గల యూరియా కర్మాగారము 2022 మార్చిలో ప్రారంభమైనది. నేడు నైజీరియా యూరియా ఓడలలో బ్రెజిల్ వరకు పోవుచున్నది. అయినను యూరియా ఒక్కటే పైరుకు చాలదు. భాస్వరము కొరకు ఆ దేశము 2016లో మొరాకోతో ఒప్పందము చేసికొన్నది. మొరాకో భాస్వరమును, బయటి పొటాషును, స్వదేశపు యూరియాను కలిపి మిశ్రమ ఎరువులు తయారు చేయుచున్నారు. గ్యాసు ఉన్నంత మాత్రమున ఎరువు పొలమునకు చేరదనుటకు, ఆగక నడుచు కర్మాగారము, మంచి రేవు, నమ్మకమైన కొనుగోలుదారు కూడ కావలెననుటకు ఈ దేశపు చరిత్రయే సాక్ష్యము.

వ్యాపారములోని ఒడుదుడుకులు

యూరియా ధర గ్యాసు వెంట, యుద్ధము వెంట పరుగెత్తును. 1973-74లో ముడి చమురు పీపా ధర సుమారు 3 డాలర్ల నుండి 12 డాలర్లకు పెరుగగా, యూరియా ధర మూడు రెట్లకు మించి పెరిగినది. 2008 ఆగస్టులో టన్ను 750 డాలర్లు దాటి, ఆ సంవత్సరాంతమునకు 250 డాలర్ల దరికి దిగినది. ఉక్రెయిన్ యుద్ధము వలన 2022 ఏప్రిల్‌లో 900 డాలర్లు దాటి, 2023 నడుమ 300 డాలర్లకు లోపల పడినది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య 12 దినములు యుద్ధము జరిగినపుడు ఇరాన్ కర్మాగారములు ఆగినవి. ఇజ్రాయెల్ గ్యాసు నిలిచినందున ఈజిప్టు కర్మాగారములు కూడ ఆగినవి.

ఇంకొక చిక్కు సముద్రపు దారిలో ఉన్నది. ఖతార్ యూరియా ఓడలు, సౌదీలోని జుబైల్ రేవు నుండి బయలుదేరు ఓడలు హోర్ముజ్ అను ఇరుకైన జలసంధి దాటి రావలెను. ఒమాన్‌లోని సూర్ మాత్రము దానికి వెలుపల ఉన్నది. ఆ జలసంధి వద్ద అలజడి రేగిన ఓడల బీమా, కిరాయి పెరుగును. సరుకు ఆలస్యమగును.

ముందు ముందు ఎట్లుండును?

ఈ దేశములకు భారతదేశము పెద్ద గిరాకీదారు. 2020-21లో మనము సుమారు 98 లక్షల టన్నుల యూరియా దిగుమతి చేసికొంటిమి. 2023-24లో అది 70 లక్షల టన్నులకు తగ్గినది. 1999లో మూతబడిన రామగుండము 2021లో కొత్త కర్మాగారముగా 12.7 లక్షల టన్నుల శక్తితో తిరిగి నడక మొదలిడినది. ఇట్టివి పెరిగిన కొలది చమురు దేశములు బ్రెజిల్ మొదలగు ఇతర మార్కెట్లను వెదకికొనవలసియుండును. కాని మన కర్మాగారములలో వాడు గ్యాసులోను ఎక్కువ భాగము దిగుమతియే. ఖతార్‌తో గల ద్రవ గ్యాసు ఒప్పందమును 2024లో మరి 20 సంవత్సరములకు, 2048 వరకు పొడిగించిరి. యూరియా రూపమున కొనుట తగ్గినను, గ్యాసు రూపమున కొనుట తప్పలేదు.

సౌదీ అరేబియా తన భాస్వరపు గనులను వాడుకొని 2011 నుండి డి.ఎ.పి. కూడ తయారు చేయుచున్నది. గ్యాసు, భాస్వరము రెండును గల దేశములకు ముందు ముందు వ్యాపారమున ఎక్కువ బలముండును. ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుండి, తయారీలో వెలువడు బొగ్గుపులుసు వాయువును బట్టి దిగుమతి ఎరువులపై రుసుము విధించు పద్ధతిని అమలులో పెట్టినది. కావున ఆ వాయువును తగ్గించుకొను కర్మాగారములకే ఆ మార్కెట్టు అనుకూలించును.

మన రైతు గ్రహింపవలసినది

ప్రపంచపు ధర ఎంత పెరిగినను 45 కిలోల బస్తాను మనము 266 రూపాయల దరినే కొనుచున్నాము. మిగిలినది ప్రభుత్వము భరించుచున్నది. ధర నుండి ప్రభుత్వము కాపాడగలదు గాని, ఓడ ఆలస్యమైనపుడు పైరు దశ ఆగదు. కావున ఉన్న బస్తా నుండి పూర్తి ఫలము పొందుటయే మన చేతిలోని పని.

1. భూసార పరీక్ష చేయించి, సిఫారసు చేసిన మేరకే నత్రజని వేయవలెను.
2. వరికి యూరియాను ఒక్కసారిగా వేయక, దమ్ములో, పిలకలు వేయునపుడు, అంకురము ఏర్పడునపుడు మూడు సమభాగములుగా వేయవలెను.
3. మడిలోని నీరు తీసి, బురద పదునులో చల్లి, 36 నుండి 48 గంటల పిదప పలుచగా నీరు కట్టవలెను. నిండు నీటిలో చల్లిన యూరియాలో కొంత గాలి పాలగును, కొంత నీటి పాలగును.
4. వీలున్నచోట జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైరులను పెంచి కలియదున్నవలెను. వాటి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనినే పట్టి నేలకిచ్చును. దానికి గ్యాసు అక్కరలేదు, ఓడయు అక్కరలేదు.
5. కొరత వచ్చునను భయముతో అవసరమునకు మించి బస్తాలు కొని దాచరాదు. ఒకరి ఇంట దాగిన బస్తా పొరుగువాని పైరుకు అందని బస్తాయే.