మెస్సా, లాడ్జా?

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా నగర్‌నార్‌లో నాన్న మెస్ నడుపుతున్నారు. ఇక్కడి ఉక్కు ప్లాంటు కట్టినన్నాళ్లూ గిరాకీ బాగుండేది, ఇప్పుడు పడిపోయింది. అప్పు చేసి లాడ్జి కట్టమంటున్నారు బంధువులు. ఏం చేయమంటారు?

జవాబు: తొందరపడకండి, తమ్ముడూ. ప్లాంటు కట్టడానికి కావలసినంతమంది కూలీలు నడపడానికి అక్కర్లేదు. 2023 ఆగస్టు 12న మీ ఊరి ఎన్ఎండీసీ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది, 24న తొలి కాయిల్ వచ్చింది. మీ గిరాకీ అప్పుడే మారింది. ఇప్పుడొచ్చేది షిఫ్టుల మనిషి. తెల్లారి ఐదింటికి ఇడ్లీ పార్సిల్ కట్టివ్వగలరా? లాడ్జి కంటే ముందు అది చూడండి.

స్థలం మాటకొస్తే, బస్తర్ రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఆదివాసులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. ఆదివాసీ భూమిని బయటివాళ్లు నోటిమాట మీద, బినామీ పేరుతో కొంటే మిగిలేది కోర్టు వాయిదాలే. పైగా ఫ్యాక్టరీ వస్తుందన్న మాటనే నమ్ముకోకూడదు. ఇదే బస్తర్‌లోని లోహండిగూడలో టాటా ఉక్కు ప్లాంటు రాలేదు, 2019లో రైతుల భూములు రైతులకే తిరిగిచ్చారు.

ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యమున్న ప్లాంటు చుట్టూ మోటార్ రీవైండింగ్, లేత్, వెల్డింగ్ పనులుంటాయి. ఇంట్లో ఐటీఐ చదివే కుర్రాడుంటే ఆ అప్పేదో వాడి షెడ్డుకి చేయండి. మెస్ మాత్రం మూయొద్దు.