కృత్రిమ ఉపగ్రహాలు - కొల్లేటి సీమకు వాటి ఉపయోగాలు

చంద్రుడు భూమికి సహజ ఉపగ్రహం. నెలవంక కోసం డాబాలెక్కి పడమటి దిక్కు చూసే మనకు ఆ ఉపగ్రహంతో పరిచయం పాతదే. మనిషి తయారుచేసి పైకి పంపిన ఉపగ్రహాలను మాత్రం మనం రోజూ వాడుకుంటూ కూడా అంతగా పట్టించుకోము. వాటిలో ఎన్ని రకాలున్నాయి, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో ఉన్న మనకు ఏది దేనికి పనికొస్తుంది అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాము.

మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను సోవియట్ రష్యా 1957 అక్టోబరు 4న పంపింది. మన ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న రష్యా రాకెట్ మీదనే వెళ్ళింది. 1980 జూలై 18న మన శ్రీహరికోట నుంచి మన రాకెట్ ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ రాకెట్ పథకానికి సారథి అబ్దుల్ కలాం గారు. ఈ చరిత్ర పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కనుక అసలు విషయానికి వద్దాము.

ఉపగ్రహం చేసే పని చాలావరకు దాని ఎత్తును బట్టి ఉంటుంది. దగ్గరగా తిరిగేది వేగంగా తిరగాలి, లేకుంటే కిందకు పడిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో ఉన్నది దాదాపు గంటన్నరలో భూమిని చుట్టేస్తుంది. దూరం పెరిగేకొద్దీ చుట్టు నెమ్మదిస్తుంది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టుకు సరిగ్గా భూమి తన చుట్టూ తాను తిరిగేంత కాలమే పడుతుంది. అందువల్ల అక్కడి ఉపగ్రహం మన కళ్ళకు ఒకేచోట నిలిచి ఉన్నట్టు ఉంటుంది. దీన్ని భూస్థిర కక్ష్య అంటారు.

ఈ పాఠం చెప్పే ముందు మేము పిల్లలను వీధిలోకి పంపి డాబాల మీది డిష్‌లు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో చూసి రమ్మంటాము. అన్నీ దక్షిణానికే ఉన్నాయని, కొన్ని కాస్త ఆగ్నేయానికి మొగ్గాయని చెబుతారు. భూమధ్యరేఖ మనకు దక్షిణాన ఉంది కదా, ఉపగ్రహం దాని పైనే ఉంటుంది. అది కదలదు కాబట్టే డిష్‌ను ఒకసారి బిగిస్తే చాలు. పెద్ద వాన పడినప్పుడు టీవీ బొమ్మ ఎందుకు పోతుందని కూడా పిల్లలు అడుగుతారు. ఆ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్ల వరకే ఉంటుంది. దట్టమైన వాన చినుకులు వాటిని పీల్చేసి చెదరగొడతాయి. టీవీ మెకానిక్‌ను తిట్టి ప్రయోజనం లేదు.

ఇదే ఎత్తు నుంచి వాతావరణ ఉపగ్రహాలు పనిచేస్తాయి. ఇన్సాట్-3డి, 3డి.ఆర్., 3డి.ఎస్. ఈ వరుసలోవి. అరగంటకొకసారి బంగాళాఖాతం మొత్తాన్ని ఫోటో తీస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. వేలాది మంది పోయారు. 1990 మే తుఫాను కూడా భయంకరమైనదే. అప్పటికి ఇన్సాట్-1బి పైన ఉంది, తీరంలో రాడార్లు ఉన్నాయి, ప్రజలను ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే. అంతా ఉపగ్రహం చలవే అనలేము. బస్సులు, లారీలు పెట్టి ఊళ్ళు ఖాళీ చేయించినవారిది కూడా ఆ గొప్ప. కానీ ఎక్కడ ఖాళీ చేయించాలో ముందుగా తెలియాలి కదా.

భూస్థిర ఉపగ్రహానికి ఒక లోపం ఉంది. అంత దూరం నుంచి చూస్తే దాని చిత్రంలో ఒక్కొక్క చుక్క కిలోమీటరు, అంతకన్నా ఎక్కువ వెడల్పు ఉంటుంది. తుఫానుకు అది చాలు, చేపల చెరువుకు చాలదు. చెరువును చూడాలంటే కిందకు దిగాలి. 1988 మార్చి 17న వెళ్ళిన ఐ.ఆర్.ఎస్.-1ఎ నుంచి మొదలైన మన దూరసంవేదన ఉపగ్రహాలు ఉత్తర, దక్షిణ ధ్రువాల మీదుగా సుమారు 900 కిలోమీటర్లు, లేదా అంతకన్నా తక్కువ ఎత్తున తిరుగుతాయి. కింద భూమి తిరుగుతూ ఉంటుంది కనుక ప్రతి చుట్టులో కొత్త పట్టీ కనబడుతుంది. ఐ.ఆర్.ఎస్.-1ఎ తిరిగి అదే పట్టీ మీదకు రావడానికి 22 రోజులు పట్టేది. దూరపు కన్ను ఎప్పుడూ చూస్తుంది కానీ మసకగా చూస్తుంది. దగ్గరి కన్ను స్పష్టంగా చూస్తుంది కానీ అరుదుగా వస్తుంది.

ఇక మన కొల్లేరు. ఐ.ఆర్.ఎస్.-1డి 2001 ఫిబ్రవరి 9న తీసిన చిత్రాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు విశ్లేషించి 2004లో ప్రచురించారు. ఆ కెమెరాలో ఒక్క చుక్క సుమారు 23 మీటర్లు, అంటే మన లెక్కలో పదమూడు సెంట్ల స్థలం. అందులో మామూలు రంగులతో పాటు కంటికి కనబడని పరారుణ కాంతి కూడా నమోదవుతుంది. పచ్చని ఆకు ఆ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది, తేట నీరు మింగేస్తుంది. చిత్రంలో ఆకును ఎర్రగా, నీటిని నల్లగా చూపిస్తారు. గుర్రపుడెక్క కమ్మిన నీరు మన కంటికి చేను లాగే పచ్చగా ఉన్నా, చేపల చెరువు తిన్నని గట్ల మధ్య నల్లని పలకలా విడిగా తెలిసిపోతుంది. వారు లెక్కించిన 245 చదరపు కిలోమీటర్లలో దాదాపు 42 శాతం చేపల చెరువులే. సరస్సు అనదగిన తేట నీరు దాదాపు కనబడలేదు. కొల్లేరు తగ్గిపోతోందని లంకల్లో పెద్దలు అప్పటికే అనుకుంటున్నారు. ఎంత తగ్గిందో అంకె మాత్రం పైనుంచి వచ్చింది.

1999లోనే ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లు కొట్టించారు. ఆ గట్ల మీద కూలికి బతికినవారు, సొసైటీల్లో చిన్న వాటా ఉన్నవారు కూడా అప్పుడు నష్టపోయారు. ఇక్కడ ఉపగ్రహానికి చేతకానిది ఒకటుంది. చెరువు ఎక్కడుందో చెబుతుంది, ఎవరిదో చెప్పదు. లీజుకు తీసుకున్న పెద్ద ఆసామి, నాలుగు సెంట్ల వాటాదారు దానికి ఒకే నలుపు.

కాంటూరును +5 నుంచి +3కి తగ్గించాలన్న కోరిక చాలా ఏళ్ళుగా ఉంది. ఆ తగవు తేలేది రెండడుగుల ఎత్తులో. 2005లో వెళ్ళిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో, మన రెండు కళ్ళలా, నేల ఎత్తుపల్లాలు కొలిచింది. కానీ దాని కొలతలో కొన్ని మీటర్ల తేడా వస్తుంది. బల్లపరుపుగా ఉన్న కొల్లేటిలో రెండడుగులు తేల్చాలంటే లెవెల్ పరికరం, కర్ర పట్టుకుని సర్వేయరు బురదలో దిగవలసిందే.

వరద సంగతి వేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పొంగితే ఆ నీరు కొల్లేరులోకి వస్తుంది. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీటి మజిలీ కూడా ఇదే. వరద రోజుల్లో ఆకాశం నిండా మబ్బులు, కెమెరా ఉపగ్రహానికి మబ్బు తప్ప ఏమీ కనబడదు. అప్పుడు రాడార్ ఉపగ్రహాలు కావాలి. 2012లో రిశాట్-1, 2022లో ఇ.ఓ.ఎస్.-04, 2025 జూలై 30న అమెరికాతో కలిసి పంపిన నైసార్ ఈ రకానివి. ఇవి సొంతంగా రేడియో తరంగాలు పంపి, తిరిగి వచ్చినదాన్ని పట్టుకుంటాయి. మబ్బు, రాత్రి అడ్డు కావు. కదలని నీటి మీద పడ్డ తరంగం అద్దం మీద వెలుతురులా పక్కకు జారిపోతుంది, అందుచేత చిత్రంలో నీరు నల్లగా ఉంటుంది.

మన డెల్టాలో ఇది అంత తేలిక కాదు. ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం వైపు చేలు మునిగే జూలై, ఆగస్టుల్లో నాట్లు వేసిన చేను వరద లేకపోయినా నీటిలోనే ఉంటుంది. చేపల చెరువూ అంతే. అందుకని వరదకు ముందు తీసిన చిత్రాన్ని పక్కన పెట్టి, కొత్తగా నల్లబడిన చోటునే ముంపుగా లెక్కిస్తారు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఇలాంటి ముంపు పటాలు తయారు చేస్తుంది. బియ్యం, దుప్పట్లు పట్టుకుని బయలుదేరే సంఘాలకు ఏ లంక చుట్టూ నీరుందో, ఏ రోడ్డు తేలి ఉందో తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. తొందరలో సాయమంతా రోడ్డు పక్క ఊళ్ళకే చేరడం మనం చూస్తున్నదే.

దిక్కు చూపే ఉపగ్రహాల గురించి క్లుప్తంగా. అమెరికా జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మన నావిక్ కోసం ఉపగ్రహాలను 2013 నుంచి పంపుతున్నారు. ఫోన్ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, అవి ఎంత ఆలస్యంగా వచ్చాయో చూసి తన చోటు లెక్క కడుతుంది. సెకనులో పది లక్షల వంతు తప్పితే 300 మీటర్లు తప్పుతుంది. అందుకే వాటిలో అణు గడియారాలు పెడతారు. ఫోన్‌లో మన ఊరి నమాజు వేళలు, ఖిబ్లా దిశ సరిగ్గా వస్తున్నాయంటే ముందు ఆ గడియారాలు మనమున్న చోటు చెప్పాయన్న మాట.

ఉపగ్రహ చిత్రాలు చూడటానికి ఆఫీసుల చుట్టూ తిరగనక్కరలేదు. 2009లో ఇస్రో ప్రారంభించిన 'భువన్' అందరికీ అందుబాటులో ఉంది. ఇంట్లో పిల్లలకు అందులో ఆకివీడు, కైకలూరు, ఏలూరు గుర్తుపట్టమని చెప్పి, ఆ మూడింటి నడుమ తిన్నని గట్లున్న నీటిని, గట్లు లేని నీటిని విడివిడిగా గుర్తించమనండి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి అరగంట పని.