క్రైస్తవ దృష్టిలో హాస్యం

క్రైస్తవుడు జోకులు వేయవచ్చునా? ఈ ప్రశ్న వేస్తే చాలామంది తడుముకుంటారు. సువార్తల్లో యేసు కన్నీరు విడిచినట్టు ఉంది గాని నవ్వినట్టు ఎక్కడా రాయలేదు కదా అని వాదించేవారూ ఉన్నారు. కాబట్టి విద్యార్థి మిత్రులారా, ఈ విషయాన్ని వాక్యం వెలుగులో కొంచెం పరిశీలిద్దాం.

1. బైబిలులో నవ్వు: ఇస్సాకు అనే పేరుకు అర్థమే "నవ్వు". నూరేళ్ల అబ్రాహాముకు, తొంభై ఏళ్ల శారాకు బిడ్డ పుడతాడంటే ఇద్దరూ నవ్వారు. మొదట అది నమ్మలేని నవ్వు. బిడ్డ పుట్టాక అదే ఆనందపు నవ్వయింది (ఆదికాండము 17, 18, 21 అధ్యాయాలు). నవ్వుటకు కూడా ఒక సమయం కలదని ప్రసంగి చెప్పాడు.

2. పౌలు హెచ్చరిక: ఎఫెసీ 5:4లో "సరసోక్తులు" కూడదని ఉంది. మరి హాస్యమే పాపమా? కాదు. అక్కడి గ్రీకు మాట "యూట్రపెలియా". సమయానికి తగినట్టు చమత్కారంగా మాట్లాడే నేర్పును అరిస్టాటిల్ ఆ పేరుతోనే సుగుణంగా లెక్కించాడు. పౌలు దాన్ని బూతుల పక్కన పెట్టి మాట్లాడాడు గనుక, ఆయన కాదన్నది నీతి తప్పిన చమత్కారాన్నే. మన మాట ఉప్పు వేసినట్టు రుచిగా ఉండాలని కొలస్సయులకు రాసింది కూడా ఆ పౌలే.

3. యేసు చమత్కారం: దోమను వడగట్టి ఒంటెను మింగేవాళ్లు, తన కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి కంట్లో నలుసు తీయబోయేవాడు - ఈ బొమ్మలు ఊహించుకుంటే నవ్వు రాకుండా ఉంటుందా? అయితే ఆ వేళాకోళం ఎవరి మీద? వేషధారుల మీద, పెద్దరికం చెలాయించేవారి మీద. కుష్ఠురోగిని గాని, గుడ్డివాణ్ణి గాని, సమరయ స్త్రీని గాని ఆయన ఒక్కసారీ ఎగతాళి చేయలేదు.

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో సువార్త సభలకూ బుర్రకథ చెప్పించేవారు. కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత ఒకడుంటాడు. వాడు నవ్విస్తేనే జనం కథలో లీనమవుతారు. తిరువూరు పల్లెల్లో పెరిగినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

4. జాషువా చూపిన దారి: వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా, కులం పేరుతో ఎన్నో అవమానాలు పడ్డాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపితే, ఈయన 1941 నాటి "గబ్బిలం"లో అంటరానివాడనిపించుకున్న పేదవాడు శివుడి దగ్గరికి గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందట! ఆ వ్యంగ్యం చురుక్కుమంటుంది, కాని ఏ బలహీనుణ్ణీ గాయపరచదు. ఆయన "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

5. మన హాస్టళ్ల సంగతి: యేసును పట్టుకున్న కావలివాళ్లు ఆయన కళ్లకు గంతలు కట్టి, కొట్టి, "ఎవరు కొట్టారో చెప్పు" అని ఆటపట్టించారు (లూకా 22). వాళ్లకది తమాషాయే. కొత్తగా చేరిన కుర్రాణ్ణి నలుగురు చుట్టుముట్టి, వాడి రంగునో కులాన్నో ఊరి యాసనో పట్టుకుని ఏడిపించడం ఇంతకంటే వేరా? పొరుగువాణ్ణి మోసగించి "నవ్వులాటకు చేశానులే" అనేవాణ్ణి, తెగుళ్లు, బాణాలు విసిరే వెర్రివాడితో పోల్చింది సామెతల గ్రంథం (26:18, 19). మన రాష్ట్రంలో 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం కూడా తోటి విద్యార్థిని ఏడిపించడాన్ని, అవమానించడాన్ని నేరమనే అంటోంది. చట్టం భయంతో మానేవాడు వార్డెన్ లేనప్పుడు మళ్లీ మొదలెడతాడు. వాక్యం మనసుకెక్కినవాడికి వార్డెన్ అక్కర్లేదు.

కనుక జోకు వేసేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది అతని ఎదుట అనగలనా? అతను కూడా మనతో కలిసి నవ్వగలడా? ఇదే మాట నన్నంటే నేను నవ్వగలనా? మూడింటికీ అవునని జవాబొస్తే హాయిగా నవ్వండి, నవ్వించండి. ఒక్కదానికి కాదని వచ్చినా ఆ జోకును గొంతులోనే ఆపేయండి. పక్క గదిలోని కొత్త కుర్రాడు ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోతాడు.