గర్భసంచి పొరలోని మూలకణములు: మనము తెలుసుకొనవలసిన పాఠము



"సిస్టరమ్మా, ముట్లు ఆగి ఐదారేండ్లాయె. ఇప్పుడు మళ్ళ కొద్దిగ కనవడ్తున్నది. వేడి చేసిందేమో?"

పోచంపాడ్, బాల్కొండ, ఆర్మూరు వైపు నుండి వచ్చే తల్లుల నోట మేము తరచుగా వినే మాట ఇది. ఇది వేడి వలన వచ్చేది కాదు. దీనికి గల కారణములలో ఒకటి గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్. ఆ పొరలోని మూలకణములకు, అనగా స్టెమ్ సెల్స్‌కు, ఈ జబ్బుతో ఏమి సంబంధమో ఈ పాఠములో నేర్చుకుందాము.

1. మూలకణములు అనగా ఏమి?

చెరకు నరికిన పొలము బోధన్ వైపు అందరూ చూసినదే. పైన గడ ఉండదు. కాని నేలలో మొదలు బ్రతికి ఉంటుంది గనుక మళ్ళీ పిలకలు లేస్తాయి. గర్భసంచి లోపలి పొర కూడా ఇట్లే. దీనిని ఎండోమెట్రియం అంటారు. దాని పై భాగము ప్రతి నెల బహిష్టులో రాలిపోతుంది. అడుగు భాగము రాలదు. ఆ అడుగు నుండే కొత్త పొర పెరుగుతుంది. ఒక స్త్రీ జీవితములో ఇది సుమారు 400 సార్లు జరుగుతుంది.

2004లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయములో కారొలిన్ గార్గెట్ బృందము ఈ పొరలోని కణములను ల్యాబులో పెంచి చూసింది. గ్రంథుల కణములలో 1000కి సుమారు 2, వాటిని పట్టి ఉంచే కణములలో 1000కి సుమారు 12 మాత్రమే కొత్త కణముల గుంపులను పుట్టించగలిగాయి. ఈ పొరలో మూలకణములు ఉన్నాయనుటకు ఇది ముఖ్యమైన ఆధారము. ముట్లుడిగిన తర్వాత పొర పలుచబడినా ఆ మొదలు పూర్తిగా నశించదు.

2. క్యాన్సర్ ఎలా మొదలవుతుంది?

ఈ పొరను రెండు హార్మోనులు నడుపుతాయి. ఈస్ట్రోజన్ "పెరుగు" అని చెబుతుంది. ప్రొజెస్టిరాన్ "ఇక చాలు" అని చెబుతుంది. రెండవ మాట వినపడకుండా మొదటి మాటే నడిస్తే పొర అదుపు లేకుండా మందమవుతుంది.

రాలిపోయే కణములో లోపము వస్తే అది రక్తముతో బయటికి పోతుంది. అడుగున ఉన్న మూలకణములో లోపము వస్తే అది అక్కడే ఉండి, దాని నుండి పుట్టే కణములన్నిటికీ సంక్రమిస్తుంది. ఈ క్యాన్సర్ ఇలాంటి కణముల నుండే మొదలవుతుందని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2020లో ఇంగ్లాండులోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు, ఆరోగ్యముగా ఉన్న స్త్రీల పొరలో కూడా క్యాన్సర్‌కు సంబంధించిన జన్యులోపములు ఉంటాయని చూపించారు. ఇది చదివి భయపడవద్దు. వాటిలో చాలా భాగము ఎన్నడూ క్యాన్సర్‌గా మారవు.

ఎవరికి ఎక్కువ ప్రమాదము? స్థూలకాయము ఉన్నవారికి (కొవ్వులో కూడా ఈస్ట్రోజన్ తయారవుతుంది), షుగరు ఉన్నవారికి, అండాశయములలో నీటి బుడగలతో నెలసరి సరిగా రానివారికి, పిల్లలు లేనివారికి, రొమ్ము క్యాన్సర్ కొరకు టామోక్సిఫెన్ మాత్రలు వాడేవారికి, కుటుంబములో పెద్ద ప్రేగు క్యాన్సర్ లేక గర్భసంచి క్యాన్సర్ ఉన్నవారికి. రోజంతా కూర్చుండి బీడీలు చుట్టే తల్లులు నడకను, బరువును తప్పక గమనించుకోవాలి.

3. జబ్బు ఎందుకు తిరగబెడుతుంది?

తుంగ గడ్డిని పైపైన పీకితే ఏమవుతుంది? నేలలో గడ్డలు ఉంటాయి గనుక వారములోనే మళ్ళీ మొలుస్తుంది. 2009లో గార్గెట్ బృందము, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి, ఈ క్యాన్సర్ గడ్డలలో కూడా తిరిగి గడ్డను పుట్టించగల కణములు కొద్దిగా ఉన్నాయని చూపించారు. కీమోథెరపీ ముఖ్యముగా త్వరగా విభజన చెందే కణములను చంపుతుంది. నిదానముగా ఉండే కణములు కొన్ని తప్పించుకొనవచ్చును. అందుకే జబ్బు గర్భసంచి దాటకముందే కనిపెట్టి, ఆపరేషన్‌తో తీసివేయడము మేలు. అమెరికా లెక్కల ప్రకారము ఆ దశలో దొరికినవారిలో 100కి సుమారు 95 మంది 5 సంవత్సరములకు మించి బ్రతుకుచున్నారు.

4. రెండు తప్పు దారులు

మొదటిది, భయముతో గర్భసంచి తీయించుకొనుట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15-49 ఏండ్ల స్త్రీలలో 100కి 8 మందికి పైగా గర్భసంచి తీయించుకున్నారు. దేశమంతటా చూస్తే 100కి 3 మందే. తెల్లబట్టకు ఎక్కువగా కారణము ఇన్‌ఫెక్షన్. దానికి మందులు ఉన్నాయి. "తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని ఎవరైనా అంటే, ఏ పరీక్షలో తేలిందో అడగండి. క్యాన్సర్ అని తేలినవారికి మాత్రము ఆపరేషనే ముఖ్య వైద్యము. వారు ఆలస్యము చేయరాదు.

రెండవది, "స్టెమ్ సెల్స్‌తో క్యాన్సర్ నయము" అనే ప్రకటనలను నమ్ముట. కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు చేసే మూలకణముల మార్పిడి తప్ప, మిగిలినవి అనుమతి పొందిన పరిశోధనలోనే జరగాలని 2017 జాతీయ మార్గదర్శకములు చెబుతున్నాయి. పరిశోధనలో పాల్గొనే రోగి వద్ద దానికి డబ్బు తీసుకొనరాదు.

5. రక్తము కనబడితే ఏమి చేయాలి?

ఈ క్యాన్సర్ వచ్చిన 10 మంది స్త్రీలలో 9 మందికి ముందుగా కనబడేది రక్తస్రావమే. ముట్లుడిగిన తర్వాత రక్తము కనబడినవారిలో మాత్రము 10 మందిలో సుమారు ఒక్కరికే క్యాన్సర్ ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరో పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు.

మొదట స్కానింగ్‌లో పొర మందము చూస్తారు. 4 మిల్లీమీటర్లు దాటితే, లేక రక్తము మళ్ళీ మళ్ళీ కనబడితే, సన్నని గొట్టముతో కొద్ది పొర తీసి బయాప్సీకి పంపుతారు. కొద్దిసేపు నొప్పి ఉంటుంది, అంతే. గర్భసంచి ముఖద్వారమునకు చేసే పాప్ పరీక్ష బాగున్నదని ఊరుకోవద్దు. అది వేరొక క్యాన్సర్ కొరకు చేసే పరీక్ష.

నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల వైద్యులను కలవండి. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఖర్చుకు భయపడి దాచుకోవద్దు.

"మా ఆయన గల్ఫ్ నుండి వచ్చినాక చూపించుకుంట" అని ఆగే తల్లులు ఎందరో. ఆయన రావడానికి రెండేండ్లు పట్టవచ్చును. ఫోనులో చెప్పి ఈ వారమే రండి. కోడళ్ళారా, మీ అత్తమ్మ సిగ్గుపడి చెప్పకపోతే మీరే అడగండి.

గుర్తుంచుకొనవలసినవి

1. ముట్లు ఆగి సంవత్సరము దాటిన తర్వాత ఒక్క చుక్క కనబడినా పరీక్ష అవసరము.
2. ముట్లు ఉన్నవారికి కూడా నెల మధ్యలో గాని, ఎక్కువ రోజులు గాని రక్తము పోతే చూపించుకోవాలి.
3. పరీక్ష లేకుండా గర్భసంచి తీయించుకొనరాదు.
4. బరువు, షుగరు అదుపులో ఉంచుకోవాలి.

ఈ పాఠమును చదువురాని మీ పొరుగు తల్లికి చదివి వినిపించండి.