ఆ జవాబు ఆమెనే చెప్పనివ్వండి

సర్వే అమ్మాయి మీ గుమ్మంలోకి వచ్చి, "తాగే నీళ్ళు ఎక్కడివి? వంట కట్టెల మీదా, గ్యాసు మీదా? మరుగుదొడ్డి ఉందా?" అని అడుగుతుంది. ఇంట్లో పెద్దవారెవరైనా చెప్పవచ్చు. తర్వాత ఇల్లాలితో విడిగా మాట్లాడాలంటుంది. అప్పుడు, "దానికేం తెలుసు, నేను చెబుతా" అనకండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైంది. 2019-21లో 7 లక్షల మందికి పైగా స్త్రీలతో మాట్లాడారు. పెళ్ళయిన స్త్రీని అడిగిన వాటిలో ఈ మూడూ ఉన్నాయి:

1. మీ వైద్యం సంగతి ఎవరు నిర్ణయిస్తారు?
2. ఇంటికి పెద్ద వస్తువు కొనాలంటే మాట ఎవరిది?
3. పుట్టింటికి, చుట్టాలిళ్ళకు వెళ్ళడం ఎవరి ఇష్టం?

ఇవెందుకు? ఆస్పత్రికి వెళ్ళడానికే ఒకరిని అడగవలసిన స్త్రీ, బిడ్డకూ బిడ్డకూ ఎంత ఎడం కావాలో ఎలా చెప్పగలదు? భర్తో, అత్తగారో పక్కనుంటే నోరు విప్పదు. ఆమె చెప్పింది రహస్యంగా ఉంచుతారు. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు.

ఆ సర్వేలోనే తేలింది: పిల్లలు చాలనుకుని ఆపరేషన్ చేయించుకున్న భార్యలు 100కి సుమారు 38 మంది, భర్తలు 1000కి ముగ్గురే. మగవారి ఆపరేషనే తేలిక! మరి ఆ నిర్ణయం ఇద్దరూ కూర్చుని చేసిందేనా?

సర్వే వచ్చేదాకా ఆగకండి. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆ మూడు ప్రశ్నలూ ఒకరినొకరు అడగండి. జవాబులు కలవకపోతే, మాట్లాడుకోవలసింది అక్కడే ఉంది.